పెరటి పంట పదిమందికి



వానలు వెనుకపట్టి, పొద్దున పూట కాస్త చలి తగిలే రోజులు వచ్చాయి. మృగశిర కార్తెలో గింజ పెట్టిన తీగలన్నీ బతుకమ్మ పండుగ నాటికి పందిరి దాటి ఇంటి కప్పు ఎక్కుతాయి. నిన్న వేలెడు ఉన్న బీరకాయ ఎల్లుండికి మూరెడవుతుంది. ఆకు చాటున ఉండి కంటపడని సొరకాయ ఒక్కసారిగా పసిబిడ్డంత బరువుతో కనిపిస్తుంది. పొద్దు తగ్గితే గాని పూత పట్టని చిక్కుడు కూడా ఈ నెలల్లోనే గుత్తులు గుత్తులుగా పూస్తుంది. తోటకూర, పుంటికూర, బచ్చలి ఎంత కోస్తే అంత చిగురు వేస్తాయి. ఆషాఢంలో అంగడికి పోయి కొనుక్కున్నవాళ్లే ఇప్పుడు "వదినె, రెండు బీరకాయలు తెంపుకుపో" అని గోడ మీదినుంచి పిలుస్తుంటారు.

ఈ సంబరం మన ఆరోగ్యానికి ఎంత మేలు చేస్తుందో, పంచుకునేటప్పుడు ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో, మిగిలినదాన్ని ఎలా దాచుకోవాలో ఈ సంచికలో చెప్పుకుందాం.

మన నేల, మన పెరడు

మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931 నాటికి పూర్తి చేసిన నిజాంసాగర్ కాలువలతో మన ప్రాంతానికి వరి, చెరుకు వచ్చాయి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లన్నీ చెరుకు తోటలే. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు తగ్గిన చోట ఎక్కువగా వరే వచ్చింది. ఎకరాల కొద్దీ పొలం ఉన్న ఇంట్లో కూడా కూరగాయలు కొనుక్కోవడం మామూలైపోయింది. కొనేటప్పుడు చెయ్యి సహజంగానే వెనకాడుతుంది. అన్నం కుప్పగా, కూర చెంచాడుగా తినే అలవాటు అలా బలపడింది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార నియమాలను మళ్లీ ప్రకటించింది. రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలని అందులో ఉంది. అంటే పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలి. నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర కూరగాయలన్నమాట. కొనుక్కుని తినాలంటే చాలా ఇళ్లకు భారమే. పెరట్లో నాలుగు తీగలున్న ఇంటికి ఈ రెండు మూడు నెలలు అది భారం కాదు. అందుకే ఈ కాలాన్ని వదులుకోవద్దని మేము వార్డులోనూ, ఓ.పి.లోనూ అందరికీ చెబుతుంటాం.

రుద్రూరులో ఒకే కాయకు ఎన్ని పేర్లో చూడండి. మన ఇళ్లలో పుంటికూర అంటే, కాలువ వచ్చాక కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్యాంపుల వాళ్లు గోంగూర అంటారు. మనం గోకరకాయ అంటే వాళ్లు గోరుచిక్కుడు అంటారు. మన గంగవాయిలి కూర వాళ్లకు పాయలకూర. సొరకాయను ఒకరు ఆనపకాయ అంటే, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో కద్దూ అంటారు. పేరు ఏదైనా కూర ఒకటే. కాయ ఇచ్చేటప్పుడు వండే తీరు కూడా చెప్పి ఇస్తే, ఎప్పుడూ తినని ఇంట్లో కూడా కొత్త కూర అలవాటవుతుంది.

ఎవరికి ఏది మేలు

కూరగాయలు అందరికీ మంచివే. అయితే కొన్ని జబ్బులున్నవాళ్లు కొంచెం చూసుకుని తినాలి. పెరడు నిండుగా ఉన్నప్పుడు "ఉంది కదా" అని ఒకే కూర రోజూ తినడం వల్ల కొందరికి ఇబ్బంది వస్తుంది. ఈ కింది మాటలు ఇంటిల్లిపాదికీ చదివి వినిపించండి.

రక్తం తక్కువున్నవారు: 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. వీరు ఆకుకూర పప్పు రోజూ తినాలి. వండి దించాక నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు, కాబట్టి గంటైనా ఆగండి. ఆకుకూర తింటున్నాం కదా అని డాక్టరు గారు రాసిన ఇనుము మాత్రలు మానకూడదు. గర్భిణులు ఈ విషయం తప్పక గుర్తుంచుకోవాలి.

షుగరు ఉన్నవారు: బీర, సొర, పొట్ల, కాకర, బెండ, గోకర, ఆకుకూరలు కడుపు నిండా తినవచ్చు. కూర పెంచి అన్నం తగ్గించాలి. చిలగడదుంప, చామదుంప, ఆలుగడ్డలను కూరగా కాక అన్నం లెక్కలో వేసుకోవాలి. కాకరకాయ రసం తాగుతున్నామని మాత్రలు, ఇన్సులిన్ ఆపవద్దు. మందులతో పాటు కాకర రసం ఎక్కువగా తాగితే కొందరికి షుగరు మరీ పడిపోవచ్చు కూడా.

కిడ్నీ జబ్బు ఉన్నవారు: వీరికి కూరగాయల్లోని పొటాషియం రక్తంలో పేరుకుపోయి గుండెకు ప్రమాదం తెస్తుంది. ఆకుకూరలు, టమాట, గుమ్మడి, దుంపల్లో ఇది ఎక్కువ. బీర, సొర, పొట్ల వంటివి కొంత నయం. కూరగాయలను చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోవాలి. ఎంత తినవచ్చో డాక్టరు గారిని అడగండి. డయాలసిస్ చేయించుకుంటున్న వారింటికి ప్రేమతో పంపేటప్పుడు వారికి ఏది పనికొస్తుందో ముందు కనుక్కుని పంపండి.

కిడ్నీలో రాళ్లు వచ్చినవారు: పాలకూర, తోటకూర, చుక్కకూర, పుంటికూర రోజూ కాక అప్పుడప్పుడు తినండి. పెరుగుతో కలిపి తినండి. నీళ్లు బాగా తాగండి.

గుండె కవాటం మార్చుకుని, రక్తం పలచబడే మాత్రలు వాడేవారు: వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి మాత్రల మోతాదు మీరు మామూలుగా తినే తిండిని బట్టి కుదురుతుంది. నిన్నటిదాకా అప్పుడప్పుడు ఆకుకూర తిన్నవారు పెరట్లో పండిందని ఒక్కసారిగా రెండు పూటలా తింటే మాత్ర బలం తగ్గిపోతుంది. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఆకుకూర పూర్తిగా మానేయమని మేము చెప్పడం లేదు. వారానికి ఎంత తింటారో అంతే, ఏడాదంతా ఒకే తీరుగా తినండి. తిండి మారితే ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకోండి.

ఆరు నెలలు నిండిన పసిపిల్లలు: తల్లిపాలతో పాటు మెత్తగా ఉడికించిన గుమ్మడి, పప్పులో కలిపిన ఆకుకూర, ఒక చెంచా నెయ్యి లేదా నూనె వేసి పెట్టండి. పచ్చరంగు గుమ్మడిలో, ఆకుకూరల్లో ఉండే ఎ విటమిన్ సరుకు కొవ్వుతో కలిసినప్పుడే ఒంటికి పడుతుంది.

చేదు సొరకాయతో జాగ్రత్త

ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం కాబట్టి విడిగా రాస్తున్నాం. కాకరకాయ చేదుగా ఉండటం సహజం. సొరకాయ, బీరకాయ, దోసకాయ చేదుగా ఉండటం సహజం కాదు. తీగ ఎండకు, నీటి ఎద్దడికి గురైనప్పుడు, లేదా గింజలోనే ఆ గుణం ఉన్నప్పుడు వాటిలో కుకుర్బిటాసిన్ అనే విష పదార్థం పెరుగుతుంది. అదే ఆ చేదు. ఉడికించినా, వేయించినా, ఉప్పులో నానబెట్టినా అది పోతుందని నమ్మవద్దు.

2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదుగా ఉన్న సొరకాయ రసం ఆరోగ్యానికి మంచిదని తాగి ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణులతో విచారణ జరిపించింది. చేదు సొరకాయ రసం తాగకూడదనీ, సొరకాయ రసంలో వేరే రసాలు కలపకూడదనీ వారు హెచ్చరించారు. కాకర రసమో, ఉసిరి రసమో కలిపితే సొరకాయ చేదు నాలుకకు తెలియకుండా పోతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

మన అవ్వలు సొరకాయ కోయగానే తొడిమ దగ్గర చిన్న ముక్క తీసి నాలుకకు తాకించి చూసేవారు. అది ఉత్త ఆచారం కాదు, పరీక్ష. మీరూ అలాగే చేయండి. చేదు తగిలితే ఉమ్మేసి, నోరు పుక్కిలించి, కాయ పారేయండి. దానం ఇచ్చిన కాయ కదా, పారేస్తే ఏమనుకుంటారో అని మొహమాటపడవద్దు. ఇచ్చినవారికి కూడా చెప్పండి, ఆ తీగకు ఉన్న మిగతా కాయలు ఇంకొకరింటికి పోకుండా ఉంటాయి.

చేదు కాయ తిన్నాక కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, తల తిరగడం ఉంటే ఇంట్లో ఆగకండి. వాంతిలో రక్తం కనిపించినా, ఒళ్లు చల్లబడినా అసలే ఆలస్యం చేయకండి. దీనికి విరుగుడు మందు లేదు. సెలైను, బి.పి. నిలబెట్టే చికిత్స త్వరగా అందితేనే మనిషి తేరుకుంటారు. తిన్న కాయ ముక్క మిగిలి ఉంటే వెంట తీసుకురండి.

కోసేటప్పుడు, కడిగేటప్పుడు

తీగలు దట్టంగా అల్లుకున్న చోట, గడ్డి పెరిగిన గట్ల మీద పాములు ఉంటాయి. చెప్పులు లేకుండా, చీకట్లో పెరట్లోకి పోవద్దు. ఆకు చాటుకు చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయవద్దు. కరిచిన కాలిని, చేతిని కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 108కి ఫోన్ చేయండి. చెప్పులు వేసుకోవడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. మట్టిలోని కొంకి పురుగులు పాదాల గుండా ఒంట్లో చేరి రక్తం తాగుతాయి. ఎంత ఆకుకూర తిన్నా రక్తం పెరగని వారిలో కొందరికి కారణం ఇదే.

పురుగుమందు కొట్టి ఉంటే డబ్బా మీద రాసిన రోజులు గడిచేదాకా కాయ కోయకూడదు. పొలంలో గడ్డిమందు కొట్టిన పంపుతో పెరట్లో కొట్టకూడదు. ఖాళీ మందు డబ్బాల్లో గింజలు, నూనె పోసుకోకూడదు. ఆకుకూరలను కోయకముందే రెండు మూడు నీళ్లలో కడగాలి. కోశాక కడిగితే విటమిన్లు నీళ్లలో పోతాయి. సబ్బుతో కడగవద్దు. తొట్లలో, పాత టైర్లలో, కొబ్బరి చిప్పల్లో నీరు నిలిస్తే డెంగ్యూ దోమలు పెరుగుతాయి. ఈ నెలల్లోనే ఆ జ్వరాలు ఎక్కువ కాబట్టి వారానికోసారి పెరడంతా తిరిగి ఒంపేయండి.

ఎవరికి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి

పక్కింటివారికి ఇవ్వడం మనకు అలవాటే. వారికి కూడా పెరడు ఉంటే, వారి సొరకాయ మనకు, మన సొరకాయ వారికి పోతుంది. ఈ సమయంలో ఇంకొంచెం దూరం చూడమని మా మనవి. కొడుకులు గల్ఫ్‌కు పోగా ఒంటరిగా ఉన్న ముసలి తల్లిదండ్రులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పొద్దంతా బీడీలు చుట్టి, కూర వండే ఓపిక లేక పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునే అక్కలు ఉన్నారు. పని కోసం వచ్చి గుడిసెల్లో ఉండే కుటుంబాలు ఉన్నాయి. వారిలో చాలామంది నోరు తెరిచి అడగరు. పిలిచి, "ఇవి ముదిరిపోతాయమ్మా, మీరు తీసుకుంటే మాకు మేలు" అని ఇస్తే వారికి చిన్నతనం ఉండదు.

అంగన్‌వాడీకి కూడా ఇవ్వవచ్చు. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అక్కడ ఒక పూట భోజనం పెడుతున్నారు. ఒక కట్ట తాజా ఆకుకూర చేరితే ఆ పప్పు ఇంకా బలమవుతుంది. టీచరును అడిగి, పొద్దున వంట మొదలుకాకముందే పంపండి.

టి.బి. చికిత్సలో ఉన్నవారికి మందులతో పాటు తిండి బలం చాలా అవసరం. వారి తిండి కోసం 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన ప్రభుత్వ సాయాన్ని 2024 నవంబరు నుంచి 1000 రూపాయలకు పెంచారు. దానితో గుడ్లు, పప్పు, పాలు కొనుక్కుంటే, కూరగాయలు మన పెరళ్ల నుంచి పోవచ్చు. కూరగాయ ఒక్కటే సరిపోదు. అందుకని కాయలతో పాటు నాలుగు గుడ్లు కూడా పెట్టి పంపితే నిండు సాయమవుతుంది.

ఇవ్వడం గురించి ఇంత చెప్పాక, తీసుకోవడం గురించి కూడా ఒక మాట. మన జిల్లాలోని డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ గారు, ఆమె భర్త జార్జ్ కెర్ గారు, రాజా నర్సాగౌడ్ గారి సాయంతో కుష్ఠు రోగులకు ఆసుపత్రి పెట్టారు. ఆ రోజుల్లో ఆ జబ్బు వచ్చినవారిని ఇంట్లోంచే వెళ్లగొట్టేవారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసిన తరువాత ఆ జబ్బు పూర్తిగా నయమయ్యే జబ్బు అయింది. చికిత్స మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఇతరులకు అంటే గుణం పోతుంది. అయినా వేళ్లు వంకర పోయిన చేయి ఇచ్చిన వంకాయను తీసుకోవడానికి ఇప్పటికీ కొందరు జంకుతారు. టి.బి. ఉన్నవారి పెరటి కాయను, ఎయిడ్స్ మందులు వాడేవారి కూరను చూసి కూడా అలాగే వెనకాడతారు.

ఈ జబ్బులేవీ కూరగాయల ద్వారా అంటవు. మా అనుభవంలో జబ్బు మనిషికి మందు ఎంత అవసరమో, "నేను కూడా ఒకరికి ఇవ్వగలను" అనే ధైర్యం కూడా అంతే అవసరం. ఎప్పుడూ చెయ్యి చాచి తీసుకునే మనిషి ఒకనాడు సంచి నిండా చిక్కుడుకాయలు తెచ్చి ఇస్తే, నవ్వుతూ తీసుకోండి. వండుకుని తినండి. బాగుందని మరునాడు చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆ మనిషి నడకే మారిపోతుంది.

కోత పండుగ నాడు

మన మెదక్ అధ్యక్ష మండలం సంఘాలలో కోత పండుగ నాడు కుటుంబాలు గుమ్మడికాయలు, సొరకాయలు, చిక్కుడు, వడ్లు, కోళ్లు, గుడ్లు తెచ్చి ఆలయంలో అర్పిస్తారు. ఆరాధన తరువాత వేలం జరుగుతుంది. ఒకరు పాడి కొన్న కాయను మళ్లీ అర్పణగా ఇవ్వడం, దాన్ని ఇంకొకరు పాడుకోవడం, పిల్లలు చప్పట్లు కొట్టడం మనందరికీ తెలిసిన సంతోషమే. ఆ రోజు ఒక్క సూచన పాటిస్తే బాగుంటుంది. ఎవరూ పాడుకోని ఆకుకూరలు సాయంత్రానికి వాడిపోతాయి. యువజనులు ఇద్దరు ముగ్గురు కలిసి వాటిని అదే పూట మంచంపట్టిన వారిళ్లకు చేర్చండి. ఆసుపత్రిలో బంధువులు ఉన్నవారు కూరగాయలు తెస్తే, ముందు వార్డు సిస్టరును అడగండి. ఏ రోగికి ఏది పెట్టవచ్చో చెబుతారు.

మిగిలినదాన్ని దాచుకోవడం

పంచగా మిగిలితే వరుగులు పెట్టుకోండి. గోకర, వంకాయ, కాకర, టమాట ఇందుకు బాగుంటాయి. కాకర, గోకర ముక్కలను మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి తీసి, పలచటి గుడ్డ కప్పి ఎండబెట్టండి. విరిస్తే పుటుక్కుమనేదాకా ఎండాలి. తడి లేని డబ్బాలో మూత బిగించి పెట్టండి. బూజు పట్టినవి ఎండబెట్టి వాడుకోవాలని చూడకండి, పారేయండి. ఎండబెడితే సి విటమిన్ చాలా వరకు పోతుంది కాబట్టి తాజా కూర దొరికినన్ని రోజులు తాజాదే తినండి.

బి.పి., గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఉప్పు వేయని వరుగులు విడిగా పెట్టండి. రోజుకు మొత్తం 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పుంటికూర పచ్చడి, ఉప్పు వరుగులు, అప్పడాలు కలిస్తే ఒక్క పూటలోనే ఆ చెంచా దాటిపోతుంది. గల్ఫ్‌కు పోయే బిడ్డల పెట్టెలో పచ్చడి సీసాలతో పాటు ఉప్పు లేని వరుగులు కూడా పెట్టి పంపండి.

గింజ కూడా పంచండి

ప్రతి తీగకు ఒక మంచి కాయను కోయకుండా వదిలేయండి. బీరకాయ తీగ మీదే ఎండి గలగలలాడాలి, సొరకాయ తొక్క గట్టిపడాలి. అప్పుడు గింజలు తీసి, నీడలో ఆరబెట్టి, కాస్త బూడిద కలిపి సీసాలో పోసి, పేరు రాసి పెట్టండి. చేదు కాయ కాసిన తీగ గింజ మాత్రం ఉంచవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు. హైబ్రిడ్ విత్తనం నుంచి వచ్చిన కాయల గింజ పెడితే తల్లి తీగ లాంటి కాపు రాదు, కాబట్టి నాటు రకాల గింజే దాచండి. తెగుళ్లు, విత్తనాల గురించి సందేహాలుంటే మన రుద్రూరులోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వెళ్లి అడగండి.

వచ్చే వానాకాలానికి పది గింజలు మీ పెరట్లో పెట్టి, పది గింజలు పెరడు లేని ఇంటివారికి ఇవ్వండి. వారికి గజం జాగా, ఒక పాత బకెట్టు, ఎక్కడానికి ఒక తాడు ఉంటే చాలు, బీర తీగ సాగుతుంది.